జర్మనీ వెళ్లొచ్చిన వెదురు

మా అమ్మాయి మెడిసిన్ చదివే ఊరి పేరు లాస్ పిన్యాస్. మనీలా మహానగరానికి దక్షిణపు కొస. తెలుగు పిల్లలు చాలామంది అక్కడ చదువుకుంటున్నారు కాబట్టి మన వైపు కొన్ని ఇళ్లలో ఆ పేరు నరసరావుపేట, చిలకలూరిపేటంత మామూలుగా వినపడుతుంది. నేను వెళ్లింది పిల్లని చూసి రావడానికి. వెళ్లేటప్పుడు ఆవకాయ, కందిపొడి, కుక్కర్ గాస్కెట్టు మోసుకెళ్లాను. వచ్చేటప్పుడు పెట్టె ఖాళీ, బుర్ర మాత్రం ఇప్పటికీ ఖాళీ కాలేదు.

ఆదివారం పొద్దున్న, "పద నాన్నా, ఈ ఊళ్లో చూడాల్సింది ఒక్కటే ఉంది" అని పునీత జోజప్ప గుడికి తీసుకెళ్లింది. మేం క్రైస్తవులం కాదు. అయినా తెనాలి పక్కన పెరిగినవాడికి పూజంటే ఏమిటో, విచారణ ఫాదరంటే ఎవరో విడమరిచి చెప్పక్కర్లేదు. రాతి గోడల పాత గుడి. లోపల ఒక బల్ల మీద సర్దుకుని కూర్చున్నాం.

మొదటి స్వరం మా వెనకనుంచి, తలల మీదుగా వచ్చింది. పిల్లనగ్రోవి ఊదేటప్పుడు ముందు 'హు' అని సన్నటి గాలిచప్పుడు వచ్చి, దాన్ని నెట్టుకుంటూ స్వరం వస్తుంది చూడండి, అదే తీరు. కాకపోతే ఊరందరి పిల్లనగ్రోవులూ ఒకే శ్రుతిలో కలిసినట్టు. అది చెవికి అలవాటవుతుండగానే పైన ఎవరో ఏదో కొయ్య లాగారు, సన్నాయి మేళం పెళ్లిపందిట్లోకి వచ్చిపడినంత పనయింది. నేను వెనక్కి తిరిగి చూశాను. పూజలో అలా తిరగకూడదని మా అమ్మాయి మోచేత్తో పొడిచింది.

గుమ్మం మీది మేడలో నిలబడి ఉంది ఆ వాద్యం, వెదురు ఆర్గన్. హార్మోనియంలాగే మెట్లు నొక్కి వాయిస్తారు, తిత్తుల గాలికి గొట్టాలు పలుకుతాయి. వరసలు వరసలుగా వెదురు గొట్టాలు, వాటి కింద ముందుకి పొడుచుకొచ్చిన లోహపు బూరాలు. మొత్తం 1,031 గొట్టాలు. అందులో 902 వెదురువి.

ఆ రాత్రి ఫోన్లో మా బావమరిదితో ఈ సంగతి చెప్తే రెండు ముక్కల్లో తేల్చేశాడు. "లోహానికి డబ్బుల్లేక వెదురు పెట్టుకున్నారు బావా. అది పాడైతే బాగుచేసుకోవడం చేతగాక జర్మనీ పంపారు. నేనూ నెట్లో చూశాలే. ఇందులో అంత వింతేముంది?"

ఈ వ్యాసం ఆ రెండు ముక్కలకీ నా జవాబు. ఆ రాత్రి చెప్పలేకపోయాను. అప్పటికి నాకూ తెలీదు.

మొదట డబ్బు సంగతి.

ఆ ఆర్గన్ చేసినాయన పేరు దియేగో సెరా. 1762లో స్పెయిన్‌లోని ఆరగాన్ ప్రాంతంలో, గ్రావుస్ అనే ఊళ్లో పుట్టాడు. అగస్టీనియన్ రికలెక్టులనే కథోలిక సభలో సన్యాసి. ఫిలిప్పీన్స్ వచ్చి, 1795 చివర్లో లాస్ పిన్యాస్‌కి మొట్టమొదటి విచారణ ఫాదరుగా, అంటే ఆ ఊరి గుడి బాధ్యత చూసే ఫాదరుగా కుదిరాడు. 1832లో ఆరోగ్యం చెడి తప్పుకునేదాకా అక్కడే ఉన్నాడు, అదే ఏడు పోయాడు. అప్పటికది చేపలు పట్టుకుంటూ, ఉప్పు పండించుకుంటూ బతికే ఊరు. మన చినగంజాం, నౌపడల్లాంటిదని ఊహించుకోండి. గుడి కట్టించింది కూడా ఆయన హయాంలోనే.

ఆయన ఆర్గన్ల పని ఏదో సరదాకి నేర్చుకున్నవాడు కాదు. మనీలా కథీడ్రల్‌కీ, కోటలో ఉన్న రికలెక్టుల గుడికీ ఆర్గన్లు చేసిపెట్టాడు. అంటే ఆ పనిలో చెయ్యి తిరిగినవాడు. ఆ మాట గుర్తుపెట్టుకుంటే తర్వాతి కథ వేరేగా కనిపిస్తుంది.

ఆయన వెంట తెచ్చుకున్నది స్పెయిన్ సంప్రదాయం. యూరప్‌లో ఆర్గన్లన్నీ ఒక్కలా ఉండవు, మన వైపు వీణా, ఉత్తరాది వీణా ఒకటి కానట్టే. జర్మనీ ఆర్గన్‌కి కాళ్లతో వాయించే మెట్ల వరస పెద్దది. స్పెయిన్ వాళ్లకి దాని మీద అంత మోజు లేదు. పాత స్పానిష్ ఆర్గన్లలో కాళ్ల కింద కొన్ని గుబ్బలుంటే అదే ఎక్కువ. వాళ్ల తెలివంతా చేతుల కింద ఉంది. మెట్ల వరసని నడిమికి రెండుగా కోస్తారు. చూడ్డానికి ఒకటే, కానీ ఎడమ సగానికి ఒక గొట్టాల గుంపు, కుడి సగానికి మరో గుంపు తగిలించుకోవచ్చు. దాంతో ఒకే మెట్ల వరస మీద ఎడమచేయి మెత్తటి వేణువుల మీద తాపీగా నడుస్తుంటే, కుడిచేయి బూరా మీద చెలరేగిపోవచ్చు. ఒక మనిషి, ఒక వరస, రెండు వాద్యాలు. మన హార్మోనిస్టులకి ఈ సదుపాయం ఉండుంటే నాటకాల్లో కృష్ణుడికొక గొంతు, దుర్యోధనుడికొక గొంతు పెట్టి ఆడుకునేవాళ్లు.

రెండోది, ఆ అడ్డ బూరాలు. మిగతా దేశాల్లో గొట్టాలన్నీ నిటారుగా పెట్టె లోపల నిలబడి ఉంటాయి. పదిహేడో శతాబ్దంలో స్పెయిన్ పనివాళ్లు బూర గొట్టాలని పెట్టె బయటికి తెచ్చి, అడ్డంగా, జనం మీదికి గురిపెట్టినట్టు బిగించడం మొదలుపెట్టారు. చూపుకి ఫిరంగుల వరసలా ఉంటాయి. చప్పుడు నేరుగా మొహానికి తగులుతుంది. దుమ్ము కూడా తక్కువ పడుతుంది. ఇక పిట్టల కూతలా పలికే చిన్న గొట్టాలు, డప్పు మోతలా దద్దరిల్లే గొట్టాలు, ఈ తమాషాలు కూడా ఆ సంప్రదాయంలోవే. లాస్ పిన్యాస్‌లో పిట్టలూ ఉన్నాయి, డప్పూ ఉంది. ఆ సన్యాసికి ఉప్పుమళ్ల పల్లెటూళ్లో కూడా తన దేశపు వాద్యం అన్ని హంగులతోటీ కావాలనిపించింది. ఒక్క హంగూ తగ్గించుకోలేదు.

ఆ దేశంలో అప్పుడు ఆర్గన్లు ఏ స్థాయిలో ఉండేవో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. హులియాన్ దె లా ఓర్దెన్ అనే పనివాడు స్పెయిన్‌లోని మాలగా అనే నగరంలో కథీడ్రల్‌కి ఎదురెదురుగా నిలబడే జంట ఆర్గన్లు చేసి 1783కి పూర్తిచేశాడు. ఒక్కోదానికి నాలుగు వేలకి పైగా గొట్టాలు. అలాంటివి తయారయ్యే దేశంలో, ఆ కాలంలోనే సెరా కుర్రవాడు.

పని 1816లో మొదలైంది. వెదురు కొట్టించి సముద్రపొడ్డున ఇసకలో పాతిపెట్టించాడు. నెలల తరబడి, ఏడాది దాకా అలా ఉంచారని చెప్తారు. తీశాక పుచ్చు పట్టకుండా నిలిచిన బొంగుల్నే గొట్టాలకి తీసుకున్నాడు. ఇది చదివినప్పుడు నాకు మా ఊరి మేదర్లు గుర్తొచ్చారు. వాళ్లూ వెదురుని కొట్టగానే వాడరు. చెరువులో నానేస్తారు. కారణం ఒకటే, వెదురు లోపలి పిండిపదార్థం కోసమే పురుగు వస్తుంది. నీళ్లలోనో తడి ఇసకలోనో ఉంచితే ఆ పిండి పోతుంది, పురుగుకి పని ఉండదు. ఆరగాన్‌లో పుట్టినవాడికి ఈ కిటుకు పుట్టుకతో తెలిసే అవకాశం లేదు. ఎవరో చెప్పుంటారు. ఆ చెప్పినవాళ్ల పేర్లు చరిత్రలో లేవు గానీ ఆ ఆర్గన్‌లో సగం వాళ్లదేనని నా అభిప్రాయం.

1821కి వేణు గొట్టాలన్నీ పలికాయి, బూరాలు మాత్రం మిగిలాయి. ఇంకో మూడేళ్లకి, 1824లో, లోహంతో బూరాలు చేసి బిగించి ముగించాడు.

ఇక్కడే మా బావమరిది మొదటి ముక్క విరిగిపోతుంది. డబ్బుల్లేక వెదురైతే బూరాలకి లోహం ఎక్కడ్నించి వచ్చింది? 129 గొట్టాలు లోహానివి. మూడేళ్లు ఆగి మరీ చేశాడు. ఎందుకంటే బూర గొట్టంలో చప్పుడు పుట్టేది వేరే విధంగా. వేణు గొట్టంలో గాలి నోటి అంచుకి తగిలి కోసుకుంటుంది, అంతే, పిల్లనగ్రోవి సూత్రం. బూరలో ఒక పల్చటి ఇత్తడి నాలుక కొట్టుకుంటూ ఉండాలి, దాని మీద గొట్టం గరాటాలా విచ్చుకుంటూ పోవాలి. వెదురు అలా విచ్చుకోదు. అది పెరిగేదే స్తంభంలా. కాబట్టి వెదురు ఎక్కడిదాకా పనికొస్తుందో అక్కడిదాకా వెదురు, పనికిరాని చోట లోహం. పేదరికం గీసిన గీత కాదిది, పనివాడు గీసింది.

డబ్బు అసలు లెక్కలోకే రాలేదని నేననను. అంత తగరం, సీసం ఉప్పుమళ్ల ఊరికి తెప్పించడం తేలికేం కాదు. కానీ వెదురు చవకని దాంతో చేసిన ఆర్గన్ కూడా చవకనుకోవడం పొరపాటు. లోహపు గొట్టాన్ని కొలతకి చేసుకోవచ్చు, రేకు కోసి, చుట్టి, అతికిస్తే సరి. వెదురు గొట్టాన్ని వెతుక్కోవాలి. ఎనిమిది అడుగుల గొట్టం పలికే స్వరానికి పై స్థాయి స్వరం కావాలంటే నాలుగడుగులు, దాని పై స్థాయికి రెండడుగులు. పొడవు కోసుకోవచ్చు గానీ బోలు ఎంత ఉండాలో అంతే ఉండాలి, గోడ మందం పక్కగొట్టంతో పొత్తు కుదరాలి, పగులుండకూడదు. ఇలాంటివి తొమ్మిది వందల రెండు! అడవిలో ఎన్ని బొంగులు తట్టి చూసుంటారో. ఎనిమిదేళ్లు పట్టిందంటే ఆశ్చర్యమేముంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. మనీలా కథీడ్రల్ 1863 భూకంపంలో కూలిపోయింది. కోటలోని రికలెక్టుల గుడి 1945లో, జపాన్ వాళ్లకీ అమెరికన్లకీ మధ్య మనీలా నలిగిపోయినప్పుడు నాశనమైంది. రాజధాని నడిబొడ్డున ఆ గుళ్లకి పట్టిన గతి అది. ఊరవతల వెదురుది మిగిలింది.

మిగిలిందంటే క్షేమంగా మిగిలిందని కాదు. 1863, 1880 భూకంపాలు, 1882 తుపాను వరసగా మీదపడ్డాయి. కప్పు దెబ్బతింది, వాన లోపలికి దిగింది, గొట్టాలు విప్పి ఒక మూల పడేశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొంత బాగుచేసి మళ్లీ నిలబెట్టారు, చూడ్డానికి జనం వచ్చేవారు. కానీ అరిగిపోయిన గొంతుతో పలికేది.

స్పెయిన్‌లో ఆర్గన్ల కథ కూడా ఇంతకంటే మెరుగ్గా లేదు. అక్కడ భూకంపాలు కావు, ప్రభుత్వాలు. 1836లో మెండిసాబల్ ప్రభుత్వం మఠాల ఆస్తులు లాక్కుని వేలం వేసింది. సన్యాసులు వెళ్లిపోతే ఆర్గన్ వాయించేవాడూ లేడు, తిత్తులు తొక్కేవాడూ లేడు. వందేళ్ల తర్వాత, 1936లో, అంతర్యుద్ధం మొదలైనప్పుడు కాటలోనియా, వలెన్సియా వైపు గుళ్లతో పాటు ఎన్నో ఆర్గన్లు తగలబడ్డాయి. చిత్రమేమిటంటే, మిగిలినవాటిలో పాత గొట్టాలు చెక్కుచెదరకుండా దొరికింది తరచూ బీద ఊళ్లలోనే. డబ్బున్న గుళ్లు పంతొమ్మిదో శతాబ్దపు ఫ్యాషన్‌కి తగ్గట్టు పాతది పీకేసి కొత్తది పెట్టుకున్నాయి. లేనివాళ్లు పాతదాన్ని అలా వదిలేశారు.

ఇక రెండో ముక్క. జర్మనీ.

1973లో ఆ ఆర్గన్‌ని ముక్కలుగా విప్పి, పెట్టెల్లో సర్ది, ఓడ మీద జర్మనీ పంపారు. బాన్ నగరంలో క్లైస్ అనే కుటుంబం 1882 నుంచి ఆర్గన్లు చేస్తోంది. వాళ్ల వర్క్‌షాపుకి. రెండేళ్లు అక్కడుంది. 1975 మార్చిలో తిరిగొచ్చింది. ఊరు ఊరంతా ఊరేగింపుగా ఎదురెళ్లింది. ఈలోపు గుడిని ఫ్రాన్సిస్కో మన్యోసా, లుడ్విగ్ ఆల్వరెజ్ అనే ఆర్కిటెక్టులు తర్వాతి కాలపు పూతలు, అతుకులు తీయించి పాత రూపానికి తెచ్చారు. మే 9న ట్రియర్ కథీడ్రల్ ఆర్గనిస్టు వోల్ఫ్‌గాంగ్ ఓమ్స్ వచ్చి మొదటి కచేరీ చేశాడు. ఆ మరుసటేడు నుంచి ప్రతి ఏటా ఆ గుళ్లో అంతర్జాతీయ ఆర్గన్ ఉత్సవం జరుగుతోంది.

ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. నన్ను పట్టుకుంది బాన్‌లో కట్టిన ఒక గది.

వెదురుకి చలిదేశపు పొడిగాలి పడదు. మనీలా గాలిలో ఏడాది పొడుగునా తేమే. అలాంటి తేమలో నూటయాభై ఏళ్లు బతికిన బొంగుని తీసుకెళ్లి, చలికాలం హీటర్లు పెట్టుకున్న వర్క్‌షాపులో ఉంచితే అప్పడంలా పగులుతుంది. అందుకని క్లైస్ వాళ్లు తమ వర్క్‌షాపులో ఫిలిప్పీన్స్ వాతావరణాన్ని పుట్టించే ఒక గది కట్టారు. బయట జర్మనీ, లోపల లాస్ పిన్యాస్. పనివాళ్లు చొక్కాలు తడిసి ముద్దవుతూ పనిచేసుంటారని నా ఊహ.

పగుళ్ల భయం ఒక్కటే కాదు కారణం, శ్రుతి ఇంకా పెద్ద కారణం. ఇది కొంచెం లెక్క, ఓపిక పట్టండి. గాలి వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుంది, దాంతో గొట్టం పలికే స్వరం పైకి జరుగుతుంది. డిగ్రీకి సుమారు 3 సెంట్లు. ఒక స్వరస్థానం నుంచి పక్క స్వరస్థానానికి దూరం 100 సెంట్లు. వర్క్‌షాపులో 18 డిగ్రీలు, గుళ్లో 30 డిగ్రీలు అనుకుంటే తేడా 36 సెంట్లు, స్వరస్థానంలో మూడో వంతు పైచిలుకు. అన్నీ కలిసి జరిగితే ఫర్వాలేదు, వాద్యం మొత్తం పై శ్రుతిలో ఉంటుంది, అంతే. కానీ బూరాలు అలా జరగవు. వాటి స్వరాన్ని శాసించేది ఎక్కువగా ఆ ఇత్తడి నాలుక. అది గాలి వేడికి అంతగా చలించదు. కాబట్టి చలిలో వేణువులకీ బూరాలకీ పెళ్లి చేసి పంపితే, ఎండలోకి రాగానే విడాకులే. అందుకే ముందు వేడి పుట్టించి, ఆ వేడిలో శ్రుతి చెయ్యాలి. వాద్యాన్ని దాని ఊరినుంచి విడదీయలేమని వాళ్లకి అర్థమైంది. ఊరినే వర్క్‌షాపులోకి తెచ్చుకున్నారు.

కాబట్టి మా వాడు అన్నట్టు అది చేతగానితనం కాదు. 1973లో లాస్ పిన్యాస్‌లో ఆ పని తెలిసినవాళ్లు లేరు, నిజమే. ఆ మాటకొస్తే స్పెయిన్‌కీ అప్పుడు అదే ఇబ్బంది. అక్కడి పాత ఆర్గన్లలో చాలావాటికి తిరిగి ఊపిరి పోసిన గెర్‌హార్డ్ గ్రెంజింగ్ కూడా జర్మనీలో పుట్టినవాడే. మయోర్కా దీవిలో పద్ధెనిమిదో శతాబ్దపు ఆర్గన్లు బాగుచేస్తూ మొదలుపెట్టి, 1970ల మొదట్లో బార్సెలోనా దగ్గర ఎల్ పాపియోల్‌లో దుకాణం పెట్టి అక్కడే ఉండిపోయాడు. కన్నదేశంలోనే తెగిపోయిన విద్య, కాలనీగా ఉన్న దేశపు ఉప్పుమళ్ల ఊళ్లో నిలిచుండాల్సిందని నిలదీయడం ఏం న్యాయం?

అయితే నాకు 1975 అంత గొప్పగా అనిపించదు. ఈ మాటకి అక్కడివాళ్లు నొచ్చుకోవచ్చు. కానీ ఊరేగింపు, కచేరీ, అన్నీ అయ్యాక ఆ ఆర్గన్ మళ్లీ ఎన్నాళ్లు పలుకుతుందన్న ప్రశ్న అలాగే ఉంది. తోలు అరుగుతుంది, పురుగు వస్తుంది, ఇరవై ముప్పై ఏళ్లకి మళ్లీ విప్పాలి. అప్పుడు మళ్లీ ఓడ ఎక్కిస్తారా?

మా పెదనాన్న హార్మోనియం సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయన తెనాలి వైపు పద్యనాటకాలకి వాయించేవాడు. రాత్రంతా వాయించి పొద్దున్నే మడి దున్నడానికి పోయేవాడు. ఆయన పోయాక ఆ పెట్టె మా ఇంటికొచ్చింది. ఇరవై ఏళ్లు అటక మీద ఉంది. తిత్తి చిల్లులు, రీడ్లకి చిలుము, నాలుగు మెట్లు నొక్కితే పైకి రావు. నాలుగేళ్ల కిందట బాగుచేయించాలని బుద్ధిపుట్టి ఒక పనివాడి దగ్గరికి తీసుకెళ్లాను. తిత్తి బట్ట మొత్తం మార్చాలన్నాడు, రీడ్లు ఆరు కొత్తవి వెయ్యాలన్నాడు. నాకు ప్రాణం ఒప్పలేదు. పెదనాన్న వేలు తగిలిన పెట్టె, ఏదీ మార్చకుండా కుదరదా అన్నాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి, "వాయిస్తారా, చూసుకుంటారా?" అన్నాడు.

నేను నీళ్లు నమిలాను.

"చూసుకునేటట్టయితే పాలిష్ కొట్టిస్తా, మూడొందలు. వాయించేటట్టయితే మార్చాల్సినవి మార్చాలి. మార్చినా వాయించకపోతే రెండేళ్లకి మళ్లీ ఇక్కడికే తెస్తారు" అన్నాడు.

పాత వాద్యాల గురించి ఆ తర్వాత నేను చదివిందంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. పెద్ద చదువుల్లో దానికి పెద్ద పేర్లున్నాయి. మ్యూజియం వాళ్లు ఒక వైపు లాగుతారు: పాత పదార్థాన్ని ముట్టుకోవద్దు, ముట్టుకుంటే చరిత్ర చెరిగిపోతుంది. వాయించేవాళ్లు ఇంకో వైపు: పలకని గొట్టం కట్టెపుల్లతో సమానం. నేను రెండోవాళ్ల వైపే, కానీ మొదటివాళ్ల మాటలో పస లేదనను. పాత గొట్టం నోటిని సెరా ఏ కోణంలో చెక్కాడో ఆ గొట్టం మీదే రాసుంది. మనకి నచ్చిన స్వరం కోసం దాన్ని కాస్త గీకితే ఆ రాత పోయినట్టే, ఇంకెక్కడా దొరకదు. అందుకే గొట్టాన్ని మార్చేవాడికంటే నోటిని 'మెరుగుపరిచే'వాడిని చూస్తే నాకు ఎక్కువ భయం. పగిలిన బొంగు స్థానంలో కొత్త బొంగు వేస్తే, ఇది కొత్తదని రేపు ఎవరైనా చూసి చెప్పగలరు. గీకినదాన్ని ఎవరూ చెప్పలేరు.

లాస్ పిన్యాస్ కథలో నాకు నచ్చిన ఘట్టం అందుకే 2003లో మొదలవుతుంది.

1975 తర్వాత అక్కడివాళ్లు ఒక పని చేశారు. ఆర్గన్‌ని అద్దాల పెట్టెలో పెట్టినట్టు చూడకుండా దాని చుట్టూ పిల్లల్ని పోగేశారు. గుడికి 1969లోనే ఒక బాలుర గాయక బృందం ఉంది. అందులో పాడిన కుర్రాడు అర్మాండో సలార్సా ఆస్ట్రియా వెళ్లి ఆర్గన్ చదువుకుని, తిరిగొచ్చి, ఆ గుడికే ఆర్గనిస్టయ్యాడు. వాయించే చెయ్యి అలా కుదిరింది. బాగుచేసే చెయ్యి కూడా కావాలి కదా. సీల్విన్ టాగ్లే అనే ఆయన యూరప్ వెళ్లి ఆర్గన్ల తయారీ నేర్చుకున్నాడు, ఆయన పనిచేసిన చోట్లలో బాన్‌లోని ఆ క్లైస్ వర్క్‌షాపు కూడా ఒకటి. తిరిగొచ్చి లాస్ పిన్యాస్‌లోనే ఆర్గన్లు చేసే సంస్థ పెట్టారు. దానికి పెట్టుకున్న పేరు దియేగో సెరా.

2003 నవంబరులో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం ఆ ఆర్గన్‌ని జాతీయ సాంస్కృతిక నిధిగా ప్రకటించింది. ఆ రోజుల్లోనే దాన్ని మళ్లీ విప్పి బాగుచేయాల్సి వచ్చింది. ఈసారి ఓడ లేదు, వాతావరణపు గది లేదు. దియేగో సెరా సంస్థ వాళ్లు, ఆ ఊళ్లోనే, ఆ తేమలోనే, ఆ ఎండలోనే చేశారు. 2004కి ముగించారు. ఊరేగింపు జరిగినట్టు నేనెక్కడా చదవలేదు. ఇంట్లో మనిషి ఇంట్లోనే ఉంటే ఊరేగింపెందుకు!

వీళ్ల చెయ్యి ఈ ఒక్క ఆర్గన్ దగ్గరే ఆగలేదు. స్పెయిన్ కాలంలో ఆ దీవుల్లో చేసిన ఆర్గన్లు ఇంకా అక్కడక్కడా గుళ్లలో మూలుగుతూ ఉన్నాయి. మనీలాలో సాన్ అగుస్తీన్ గుడి, బొహోల్ దీవిలో బక్లయోన్ లాంటి చోట్ల వాటిని మళ్లీ పలికించింది ఈ దుకాణమే. 2013 అక్టోబరులో 7.2 తీవ్రతతో వచ్చిన భూకంపం బొహోల్ గుళ్లని కుదిపేసింది. లోవోన్, మరిబోహోక్ గుళ్లయితే రాళ్లకుప్పలయ్యాయి. అలాంటి నేల మీద ఒకసారి బాగుచేసి 'అయిపోయింది' అనుకోవడానికి వీల్లేదు. మళ్లీ మళ్లీ చెయ్యాలి. బాన్ నుంచి ఎన్నిసార్లు పిలుస్తాం?

ఇక్కడొకరు నన్ను ఆపి అడగొచ్చు. మా అమ్మాయే అడిగింది. "అంటే జర్మనీ వాళ్లకి పేరు లేదా నాన్నా? నేర్పింది వాళ్లే కదా?" ఉంది. ఎందుకుండదు? 1973లో ఓడ ఎక్కకపోతే 2003లో విప్పడానికి ఏమీ మిగిలేది కాదు. విప్పుతూ కొలతలు రాసుకున్నవాళ్లు వాళ్లు. నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడికి బల్ల ఖాళీ చేసి ఇచ్చిందీ వాళ్లే. నా తగువు వాళ్లతో కాదు. 'జర్మనీ వెళ్లొచ్చింది' అన్న ఒక్క వాక్యంతో కథ ముగించేవాళ్లతో. టూరిస్టు కరపత్రాల్లోనూ, మా బావమరిది ఫోన్లోనూ కథ అక్కడే ఆగిపోతుంది.

లాస్ పిన్యాస్‌కి ఇంకో పేరు కూడా ఉంది, జీప్నీల ఊరు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అమెరికన్ సైన్యం వదిలిపోయిన జీపుల్ని పొడిగించి, బల్లలు బిగించి, రంగులు పూసి జనం ఎక్కే బళ్లుగా మార్చేశారు ఆ దేశంవాళ్లు. ఆ బళ్లకి బాగా పేరుపడ్డ సరావ్ వర్క్‌షాపు ఈ ఊళ్లోదే. వెదురు ఆర్గన్‌కీ జీప్నీకీ సంబంధం అంటగట్టడం కొంచెం అతిగా ఉందేమో. ఉండనీండి. పై నుంచి వచ్చిన పరాయి వస్తువుని పట్టుకుని, తమ దగ్గరున్న దానితో తమ రోడ్డుకి సరిపడేలా మార్చుకోవడం ఆ ఊరికి కొత్త కాదు, అంతే నేననేది. గుడి నుంచి హాస్టలుకి మేం వచ్చింది కూడా జీప్నీలోనే. డ్రైవరు ఒక చేత్తో చిల్లర లెక్కపెడుతూ ఇంకో చేత్తో స్టీరింగు తిప్పుతున్నాడు. ఎడమచేతికొక పని, కుడిచేతికొక పని. స్పానిష్ ఆర్గనిస్టు లాగే.

పూజ అయ్యాక కింద నిలబడి పైకి చూస్తుంటే, గొట్టాల్లో కొన్ని నల్లబడి, కొన్ని తేనెరంగులో కనిపించాయి. ఏది సెరా కాలంది, ఏది బాన్‌లో వేసింది, ఏది ఇరవై ఏళ్ల కిందటిది అని ఎంచబోయాను. మేడ మీద ఇద్దరు కుర్రాళ్లు, పదేళ్లుంటాయేమో, ఆర్గనిస్టు లేచి వెళ్లగానే ఆ బల్ల మీద ఎక్కి కూర్చున్నారు. ఒకడు మెట్టు నొక్కాడు. గాలి లేదు కాబట్టి టక్కుమని చెక్క చప్పుడు మాత్రం వచ్చింది. రెండోవాడు ఏదో చెప్పాడు, మొదటివాడు వేళ్లు సర్దుకుని మళ్లీ నొక్కాడు.

ఇదంతా రాసి, పెట్టేముందు మా బావమరిదికి పంపాను. ఒక రోజు ఊరుకుని మెసేజ్ పెట్టాడు: "మొదటిది ఒప్పుకుంటున్నా. రెండోది సగం. సరే గానీ బావా, మీ పెదనాన్న పెట్టె బాగుచేయించావు కదా, ఎవరు వాయిస్తున్నారు?"

ఇంకా జవాబు పెట్టలేదు.